బ్యాలే నేర్చుకునే పిల్లలకు పద్ధతి, బడి, పరీక్ష, పోటీ: ఏది ఎప్పుడు ఎంచుకోవాలి

పిల్లల్ని బ్యాలేలో చేర్పించేవాళ్లు మొదట అడిగేది "వగనోవా మంచిదా, ఆర్‌ఏడీ మంచిదా?" అని. ఇవి బ్యాలే నేర్పే రెండు పద్ధతుల పేర్లు. రెండు మూడేళ్లు గడిచాక "పరీక్షలు ఇప్పించాలా, పోటీలకు తీసుకెళ్లాలా?" అంటారు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. అయితే వాటికంటే ముందు తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. పాప ఎలాంటి నేలమీద నేర్చుకోబోతోంది, ఎవరి కళ్ల ముందు, వారానికి ఎన్ని గంటలు? ఈ మూడూ కుదిరినచోట ఏ పద్ధతైనా పనిచేస్తుంది. కుదరనిచోట గోడమీద ఎంత గొప్ప పేరు రాసి ఉన్నా లాభం లేదు, పైగా మోకాళ్లకూ మడమలకూ నష్టం. అందుకే ఇక్కడ నేను చెప్పే వరస ఇది: ముందు గది, గురువు, తర్వాత పద్ధతి, ఆపైన పరీక్షలు, అన్నిటికన్నా చివర పోటీలు.

నేల, గురువు, గంటలు

నేలతో మొదలుపెడదాం. క్లాసు చివర్లో వచ్చే అలెగ్రో భాగంలోనే, అంటే దూకుళ్ల వంతులోనే, పిల్లలు పదుల సార్లు ఎగురుతారు, అందులో చాలావరకు ఒంటికాలిమీద దిగుతారు. కింద ఉన్నది కాంక్రీటో టైల్సో అయితే ఆ అదురంతా మోకాలి కింద ముందరి ఎముక భరించాలి. నెలల తరబడి అలా సాగితే ముందు నొప్పి, ముదిరితే ఎముకలో సన్నటి చీలిక. మంచి స్టూడియోలో కర్ర చట్రంమీదో రబ్బరు దిమ్మెలమీదో పరిచిన, కాస్త లొంగే నేల ఉంటుంది. దానిమీద జారని వినైల్ షీటు పరుస్తారు. చాలామంది ఆ షీటు చూసి తృప్తిపడిపోతారు. షీటు కింద ఏముందో అడగండి. నేరుగా గచ్చుమీదే పరిచారని తెలిస్తే దూకుళ్లు లేని చిన్నపిల్లల క్లాసుకు సరిపెట్టుకోవచ్చు గానీ, పదేళ్లు దాటిన పిల్లలకు అక్కడ వద్దు.

ఇక గురువు. ఆమెగానీ ఆయనగానీ ఏ కంపెనీలో నర్తించారన్నది వినడానికి బాగుంటుంది, కానీ పిల్లలకు నేర్పే నేర్పు వేరు. ఒక క్లాసు కూర్చుని చూడనివ్వమని అడగండి. అక్కడ ఒకే ఒక్క విషయం గమనించినా సగం తెలిసిపోతుంది. ఫస్ట్ పొజిషన్‌లో మడమలు కలిపి, కాలివేళ్లు బయటికి తిప్పి నిలబడతారు కదా. ఆ తిప్పడాన్ని టర్నౌట్ అంటారు. అది తుంటి కీలు దగ్గర మొదలవ్వాలి. ఎవరి తుంటి ఎంత తిరుగుతుందన్నది చాలావరకు ఎముకల అమరికను బట్టే ఉంటుంది, శిక్షణతో పెరిగేది కొంతే. రెండు పాదాలూ ఒకే గీతలోకి రావాల్సిందేనని ఒత్తిడి పెడితే పిల్లలు నేల పట్టును ఆసరా చేసుకుని పాదాలను తిప్పేస్తారు, మెలిక మోకాలిలో పడుతుంది.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. ప్లియే చేసేటప్పుడు, అంటే మోకాళ్లు వంచేటప్పుడు, మోకాలి చిప్ప కాలి రెండో వేలికి సరిగ్గా పైన ఉందా, లేక బొటనవేలిని దాటి లోపలికి వాలిందా చూడండి. వాలిన పిల్లల్లో పాదం లోపలి వంపు కూడా నేలకు అణిగి కనిపిస్తుంది. మంచి గురువు వెంటనే వచ్చి ఆ పాదాలను కాస్త దగ్గరికి జరిపి, "ఇంత చాలు, తొడ తిప్పు" అంటారు. క్లాసులో సగం మంది మోకాళ్లు లోపలికి వాలి ఉన్నా ఎవరూ ఏమీ అనకపోతే, ఆ బడి ఏ పద్ధతి నేర్పుతున్నా మీకు అవసరం లేదు. పిల్లల వీపుమీద కూర్చుని కాళ్లు సాగదీయించే చోటు, బరువు గురించి నలుగురిలో వ్యాఖ్యలు చేసే చోటు కూడా అంతే. రెండోసారి వెళ్లి చూడనక్కర్లేదు.

గంటల విషయంలో తొందరపాటు ఎక్కువ కనిపిస్తుంది. ఏడెనిమిదేళ్ల లోపు వారానికి ఒకటో రెండో క్లాసులు చాలు. ఆ వయసులో తాళం, స్థలం, వినికిడి అలవాటు కావడమే పెద్ద పాఠం. తొమ్మిది పది నుంచి రెండు మూడు రోజులు. పన్నెండు దాటి, ఇదే నా దారి అని పిల్లే అంటున్నప్పుడు దాదాపు రోజూ క్లాసు ఉండాలి. వారానికి ఒక్క రోజు వచ్చే పదమూడేళ్ల పిల్లకు వృత్తి శిక్షణ ఇస్తున్నామని చెప్పే బడి నిజం చెప్పడం లేదు. ఆనందం కోసం వారానికి ఒక రోజు నేర్చుకోవడంలో లోటేమీ లేదు, దాన్ని ఆ పేరుతోనే పిలిస్తే చాలు.

పద్ధతుల మధ్య అసలు తేడా

వగనోవా పద్ధతి అగ్రిప్పీనా వగనోవాది (1879–1951). సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1738లో మొదలైన బడికి 1957 నుంచి ఆమె పేరు ఉంది. ఫ్రెంచి మార్దవాన్నీ ఇటాలియన్ల బలాన్నీ ఒకచోట చేర్చి, ఏ ఏడాది ఏది నేర్పాలో మెట్టు మెట్టుగా రాసిన పద్ధతి ఇది. మొదటి ఏడాది పిల్లలు బార్ వైపు, అంటే పట్టుకుని సాధన చేసే అడ్డకర్ర వైపు, ముఖం పెట్టి, రెండు చేతులతో పట్టుకుని నిలబడతారు. పాదాన్ని నేలమీదే సాగదీసే తాందును ముందు పక్కకే చేయిస్తారు, అదీ పలకమీద అక్షరాలు దిద్దించినంత నిదానంగా. ఆ నిదానమే దీని బలం. వీపు, మెడ, చేతులు, చూపు అన్నీ కాలితోపాటే కదలడం నేర్పుతుంది. ఈ బడిలో పెరిగిన నర్తకి ఒట్టినే చెయ్యి ఎత్తినా మొత్తం ఒళ్లు దానితో ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది.

కానీ ఈ పాఠ్యక్రమం తయారైంది దేహాన్ని పరీక్షించి ఏరి తెచ్చుకున్న పదేళ్ల పిల్లల కోసం, వాళ్లు ఎనిమిదేళ్లపాటు రోజూ చేసే సాధన కోసం. దాన్ని వారానికి రెండు సాయంత్రాలకు కుదిస్తే మిగిలేది చేతుల వంపు మాత్రమే. అందుకే ఎవరైనా "మాది వగనోవా" అంటే నేను తిరిగి అడగమనేది వారానికి ఎన్ని రోజులని, ఎన్నేళ్ల పాఠ్యక్రమమని. మూడో ఏడాది పాఠాన్ని మొదటి ఏడాదే చేయిస్తున్నారంటే అక్కడ పేరుంది, పద్ధతి లేదు.

ఆర్‌ఏడీ, అంటే రాయల్ అకాడమీ ఆఫ్ డాన్స్, లండన్‌లో 1920లో వేరే పేరుతో మొదలైన ఉపాధ్యాయ సంఘం. అడెలీన్ జెనే, తమారా కార్సావినా వంటి నర్తకులు దాని స్థాపకుల్లో ఉన్నారు. ప్రీ-ప్రైమరీ, ప్రైమరీ, ఆపైన ఒకటి నుంచి ఎనిమిది వరకు గ్రేడ్లు. వృత్తి వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇంటర్మీడియట్ ఫౌండేషన్ నుంచి అడ్వాన్స్‌డ్ 2 వరకు ఇంకో మెట్ల వరస, దాని పైన సోలో సీల్. ఏరిన పిల్లలకోసం కాక, క్లాసుకు వచ్చే ప్రతి పిల్లకూ సరిపోయేలా కట్టడం దీని గొప్ప. వారానికి రెండు మూడు రోజులు నేర్చుకునే పిల్లకు, ఊళ్లు మారే కుటుంబానికి, ఇంతకంటే నికరమైన దారి నాకు కనిపించదు. ఏ దేశం వెళ్లినా ఆపిన గ్రేడు నుంచే మొదలుపెట్టొచ్చు. దీని బలహీనతా దాని బలంలోనే ఉంది. ఏడాదంతా ఆ గ్రేడు అభ్యాసాలనే పరీక్షకోసం అరగదీసే గురువు చేతిలో పడితే, పిల్ల ఆ పాటకు ఆ అడుగులు తప్ప ఇంకేమీ రానిదవుతుంది. కొత్త కాంబినేషన్‌ను, అంటే అడుగుల వరసను, ఒక్కసారి చూసి వెంటనే చేయగలగాలి, ఆడిషన్లలో మొదట చూసేది దాన్నే. సిలబస్ క్లాసుతోపాటు సిలబస్ లేని ఓపెన్ క్లాసు కూడా వారానికొకటి ఉందో లేదో కనుక్కోండి.

చెకెట్టి పద్ధతిని ఇటాలియన్ గురువు ఎన్రికో చెకెట్టి (1850–1928) కూర్చాడు. పేరుమోసిన నర్తకులు పావ్లోవా, నిజిన్‌స్కీ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. 1922లో లండన్‌లో ఆయన పేరిట సంఘం ఏర్పడింది. వారంలో ఒక్కో రోజుకు ఒక్కో అభ్యాసాల వరస ఉండటం దీని ప్రత్యేకత. వారం తిరిగేసరికి అన్ని రకాల కదలికలూ రెండు వైపులా అయిపోతాయి. నిలకడ, చురుకైన పాదాలు, శుభ్రమైన గీత ఇస్తుంది. పాదాలు మందంగా కదిలే పిల్లకు, తిరిగేటప్పుడు తూలే పిల్లకు చెకెట్టి గురువు దొరికితే అదృష్టమే.

డెన్మార్క్‌కు చెందిన ఆగస్ట్ బూర్నన్‌విల్ (1805–1879) శైలిలో చేతులు కిందికే ఉంటాయి, పాదాలు మాత్రం గాల్లోనే ఉన్నట్టుంటాయి. పారిస్ ఒపేరా బడి 1713 నాటిది, చక్కటి పాదాల పనికి పేరు. ఈ రెండూ పూర్తిస్థాయిలో దొరికేది వాటి సొంత బడుల్లోనే కాబట్టి చాలామందికి ఇవి ఎంచుకునేవి కావు, వేసవి శిబిరంలో రుచి చూసేవి.

బలాంషీన్ శైలి వేరే సంగతి. నృత్యాలు కూర్చే జార్జ్ బలాంషీన్, లింకన్ కర్స్టీన్ కలిసి 1934లో న్యూయార్క్‌లో స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలే పెట్టారు. వేగం, సంగీతంలోకి దూసుకుపోవడం, పొడవాటి గీత. అరబెస్క్‌లో, అంటే ఒంటికాలిమీద నిలబడి రెండో కాలు వెనక్కి చాచే భంగిమలో, తుంటి తెరుచుకోవడాన్ని ఒప్పుకుంటుంది. పిరువెట్‌కు, అంటే ఒంటికాలిమీద గిర్రున తిరగడానికి, సిద్ధమయ్యేటప్పుడు వెనక కాలు చాచి నిటారుగా ఉంచుతుంది. చిన్నప్పుడే మొదలుపెట్టిన బడిలోనైతే అది సహజంగా ఒంటబడుతుంది. వేరే పద్ధతిలో పెరిగిన పిల్లకు పద్నాలుగు పదిహేనేళ్లప్పుడు, పునాది కుదిరాక, వేసవిలో పరిచయం చేస్తే వేగం పెరుగుతుంది. పరీక్షల సిలబస్ చేస్తున్న పదేళ్ల పిల్లకు అదే ఏడాది దీన్ని కూడా కలిపితే రెండూ చెడతాయి.

బడి మారితే పిల్లకు కొన్నాళ్లు తికమక తప్పదు. ఆర్‌ఏడీలో అరబెస్క్‌లు మూడు, వగనోవాలో నాలుగు, చెకెట్టిలో అయిదు. చేతుల స్థానాల అంకెలూ వేరే: వగనోవాలో ఫస్ట్ అంటే రెండు చేతులూ గుండ్రంగా ముందుకు, చెకెట్టిలో అదే స్థానాన్ని ఫిఫ్త్‌లో ఒక రకంగా లెక్కిస్తారు. గది మూలలకూ గోడలకూ ఇచ్చే అంకెలు కూడా కలవవు. ఫ్రాపే అనే అభ్యాసంలో చెకెట్టి, ఆర్‌ఏడీ పిల్లలు పాదాన్ని వంచి నేలను తాకిస్తూ కొడితే, రష్యన్ బడిలో సాగదీసిన పాదం నేలను తాకకుండా బయటికి పోతుంది. కొత్త గురువు "కుడి మూలకు, థర్డ్ అరబెస్క్" అన్నప్పుడు పిల్ల ఇంకోవైపు తిరిగితే అది చేతకానితనం కాదు. ఒక టర్ము గడువిస్తే సర్దుకుంటుంది. ఆ గడువు ఇవ్వడానికి ఇష్టపడని బడిని చూసి జాగ్రత్తపడండి.

పాయింట్ షూ: ఇక్కడ మాత్రం బేరం వద్దు

బడుల మధ్య పోలికలో నేను అన్నిటికంటే బరువు ఇచ్చేది దీనికే. ఒకచోట తొమ్మిదేళ్లకే పాయింట్ షూ, అంటే కాలివేళ్ల కొసమీద నిలబడేందుకు వేసుకునే షూ, వేయిస్తారు, ఇంకోచోట పన్నెండు నిండినా "ఇంకా ఆరు నెలలు" అంటారు. పిల్లకు మొదటిదే ఇష్టం, సహజమే. మీరు రెండోదాన్ని ఎంచుకోండి.

నృత్య వైద్యంలో పనిచేసే నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏడీఎంఎస్ ఇచ్చిన మార్గదర్శకాలు తేటగా ఉన్నాయి. పన్నెండేళ్లకు ముందు వద్దు. వారానికి ఒక్క క్లాసుకే వచ్చేవాళ్లను ప్రోత్సహించవద్దు. వారానికి రెండు క్లాసులు, మిగతా ఇబ్బందులేవీ లేకుంటే నాలుగో ఏడాది శిక్షణలో మొదలుపెట్టవచ్చు. నడుము, పొట్ట, కాళ్ల కండరాలు బలహీనంగా ఉన్నా, కీళ్లు మరీ సాగుతున్నా ముందు బలం పెంచి ఆ తర్వాతే. వయసు ఇందులో ఒక భాగమే. పద్నాలుగేళ్లొచ్చినా చీలమండ నిలవని పిల్ల ఆగాల్సిందే.

సిద్ధంగా ఉందో లేదో ఇంట్లో కూడా కొంత తెలుస్తుంది. చెప్పులు లేకుండా ఒంటికాలిమీద నిలబడి, మోకాలు నిటారుగా ఉంచి, మడమ పూర్తిగా లేపి దించమనండి. వెనక నుంచి చూడండి. మొదటి నాలుగైదు అందరూ బాగానే చేస్తారు. పది దాటాక మడమ ఎత్తు తగ్గుతోందా, బరువు చిటికెన వేలివైపు ఒరిగిపోతోందా, తుంటి ఒకవైపు పొడుచుకొస్తోందా? ఇవి కనిపిస్తే బలం ఇంకా రాలేదు. పాదాన్ని పూర్తిగా సాగదీసి కూర్చున్నప్పుడు మోకాలి కింది ఎముకా పాదం పైభాగమూ ఒకే గీతలోకి రావాలి. రాకపోతే షూ కొసమీద నిటారుగా నిలబడటం కుదరదు, మడమ వెనకాల నొప్పి మొదలవుతుంది. ఇవన్నీ చూసి ఒక్కో పిల్లకూ విడిగా అనుమతిచ్చే బడి మంచిది. క్లాసు మొత్తానికీ ఒకే రోజు షూ కొనమని చెప్పే బడి పిల్లల పాదాలు చూడలేదని అర్థం.

షూ కొనేటప్పుడు పెరిగే కాలు కదా అని ఒక సైజు పెద్దది తీసుకోకండి. ముందు భాగం, అంటే బాక్సు, వదులుగా ఉంటే పాదం లోపలికి జారి బొటనవేలిమీదే బరువంతా పడుతుంది. బట్ట, కాగితం, జిగురు పొరలతో చేసే పాతరకం షూ చెమటకు మెత్తబడి తొందరగా అయిపోతుంది. గేనార్ మిండెన్ 1993లో తెచ్చినలాంటి పాలిమర్ షూ ఎక్కువకాలం మన్నుతుంది. మొదటి జతకు ఈ రెండిట్లో ఏదన్నది రెండో ప్రశ్న. అనుభవమున్న ఫిట్టర్ దగ్గర, పాదం పెట్టి, ప్లియే చేసి, కొసమీద నిలబడి చూసి కొనడమే అసలైనది. ఆన్‌లైన్‌లో సైజు చూసి తెప్పించడం రెండో జత నుంచీ పెట్టుకోండి.

పరీక్షలా, పోటీలా

రెండూ పిల్లను వేరేవాళ్ల ముందు నిలబెట్టేవే, కానీ కొలిచేవి వేరు. ఆర్‌ఏడీ, చెకెట్టి వంటి పరీక్షల్లో బయటినుంచి వచ్చిన పరీక్షకులు ఒక ప్రమాణం పెట్టుకుని పిల్ల దానికి ఎంత దగ్గరగా ఉందో చూస్తారు. పక్కనున్న పిల్ల ఎంత బాగా చేసినా మన మార్కు తగ్గదు. బార్ నుంచి దూకుళ్ల దాకా మొత్తం చూస్తారు కాబట్టి ఎక్కడ బలం, ఎక్కడ లోటు అన్నది ఫలితంలో తెలుస్తుంది. పోటీలో చూసేది ఎక్కువగా రెండు నిమిషాల వేరియేషన్, అంటే ఏదో బ్యాలేలోంచి తీసుకున్న సోలో, పోలిక ఇతరులతో.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు నేను పరీక్షల వైపే మొగ్గుతాను. కారణం సాధన గంటలే. పోటీకి సిద్ధమయ్యే నెలల్లో క్లాసు సమయమంతా ఒకే సోలోకు పోతుంది. అందులో పిల్ల కుడివైపే తిరుగుతుంది, ఎడమ కాలిమీదే నిలుస్తుంది. రెండో వైపు అలాగే ఉండిపోతుంది. పదిహేనేళ్ల నర్తకి ఆ తేడాను దిద్దుకోగలదు, పదేళ్ల పిల్ల ఒళ్లు అలాగే స్థిరపడుతుంది. పోటీకి వెళ్లే ఏడాది కూడా మామూలు టెక్నిక్ క్లాసులు ఒక్కటి కూడా తగ్గించబోమని చెప్పే బడితోనే వెళ్లండి.

వేరియేషన్ ఎంపికలోనే గురువు విచక్షణ బయటపడుతుంది. 'స్వాన్ లేక్' 1895 ప్రదర్శనలో పియెరీనా లెన్యానీ చేసిన 32 ఫుయెతేలకు, అంటే రెండో కాలిని విసురుతూ ఒంటికాలిమీద వరసగా తిరిగే చుట్లకు, ఎంతో పేరొచ్చింది, పిల్లలందరికీ అవే కావాలి. పదకొండేళ్ల పిల్లచేత నల్లహంస చేయిస్తే చప్పట్లు వస్తాయేమో గానీ జ్యూరీలో కూర్చున్న బడి డైరెక్టరు చూసేది నిలబడిన కాలి మోకాలినీ పాదాన్నీ. 'డాన్ కిహోటే'లో క్యుపిడ్, 'స్లీపింగ్ బ్యూటీ'లోని దేవకన్యలు, 'జిజెల్'లో పల్లె జంట ఆడే సోలోలు చిన్నవాళ్ల ఒంటికి, మనసుకు సరిపోతాయి. శుభ్రంగా చేసిన సులువైన సోలో, తడబడుతూ చేసిన కష్టమైన సోలో కంటే ఎప్పుడూ ముందుంటుంది.

ఇక పోటీల్లో ఏది? పేరు చూసి కాదు, పిల్ల తిరిగొచ్చేటప్పుడు చేతికి ఏం వస్తుందో చూసి ఎంచుకోవాలి.

యూత్ అమెరికా గ్రాండ్ ప్రి 1999లో మొదలైంది. మాస్కోలోని బల్‌షోయ్‌లో శిక్షణ పొందిన లరిస్సా, గెన్నాదీ సవేలియెవ్ దంపతులు స్థాపించారు. 9 నుంచి 19 ఏళ్ల వాళ్లకు. 9–11, 12–14, 15–19 అని మూడు వయసు వర్గాలు. అనేక నగరాల్లో సెమీఫైనల్స్ పెట్టడం వల్ల అందుబాటులో ఉండేది ఇదే. జ్యూరీలో బడుల డైరెక్టర్లు ఉంటారు, వాళ్ల ముందు క్లాసు చేసే అవకాశం దొరుకుతుంది, పతకం రాకపోయినా వేసవి శిబిరానికో ఏడాది శిక్షణకో స్కాలర్‌షిప్ పిలుపు రావచ్చు. దీని ఇబ్బంది కూడా ఆ అందుబాటే. మంది ఎక్కువ, గాలా వాతావరణం, చిన్నపిల్లలమీద ఒత్తిడి. తొమ్మిది పదేళ్ల పిల్లను తీసుకెళితే వేదిక అలవాటు కావడానికని తీసుకెళ్లండి, గెలుపు మాట ఇంట్లో రానివ్వకండి. పన్నెండు పదమూడు దాటాక దీనికి విలువ పెరుగుతుంది.

ప్రి ద లోజాన్ స్విట్జర్లాండ్‌లో 1973లో ఫిలిప్, ఎల్వీర్ బ్రౌన్‌ష్వైగ్ దంపతులు మొదలుపెట్టారు. 15 నుంచి 18 ఏళ్లవాళ్లకే, అదీ ఇంకా వృత్తిలోకి అడుగుపెట్టనివాళ్లకు. ముందు వీడియో ద్వారా ఏరుతారు. ఎంపికైనవాళ్లు దాదాపు వారంపాటు అక్కడే ఉండి క్లాసికల్, కాంటెంపరరీ (నేటి కాలపు నృత్యం) క్లాసులు చేస్తారు, ఇచ్చిన జాబితాలోంచి ఎంచుకున్న రెండు వేరియేషన్లకు నిపుణుల దగ్గర దిద్దుబాట్లు తీసుకుంటారు. జ్యూరీ వేదికమీదే కాదు, క్లాసులోనూ కూర్చుని చూస్తుంది. బహుమతి డబ్బుతో అయిపోదు. పేరున్న బడిలోనో కంపెనీలోనో ఒక ఏడాది. ఫైనల్‌కు చేరనివాళ్లను చూడటానికి కూడా బడుల డైరెక్టర్లు వస్తారు. అలెస్సాండ్రా ఫెర్రి 1980లో, డార్సీ బసెల్ 1986లో, కార్లోస్ అకోస్టా 1990లో అక్కడ గెలిచి, తర్వాత పెద్ద నర్తకులైనవాళ్లే. ప్రమాణంలోనూ పిల్లల పట్ల శ్రద్ధలోనూ నేను అన్నిటికంటే పైన పెట్టేది దీన్నే. అభ్యర్థుల ఆరోగ్యం పరిశీలిస్తారు, హానికరమైనంత సన్నబడిన వాళ్లను పోటీలోకి రానివ్వరు. దీనిమీద కన్నున్న పిల్లకు పన్నెండో ఏటి నుంచే కాంటెంపరరీ క్లాసు ఉండాలి. బ్యాలే ఒక్కటే తెలిసిన పిల్ల అక్కడ సగం పరీక్షలోనే ఆగిపోతుంది.

ఆర్‌ఏడీ దారిలో వచ్చినవాళ్లకు 1931లో అడెలీన్ జెనే పేరిట మొదలైన పోటీ ఉంది. ఇప్పుడది ఆ సంస్థకు 1954 నుంచి దశాబ్దాలపాటు అధ్యక్షురాలిగా ఉన్న నర్తకి మార్గో ఫాంటేన్ పేరుతో జరుగుతోంది. పోటీకి ముందు కొన్ని రోజుల కోచింగ్, కొత్తగా కూర్చిన నృత్యాన్ని అక్కడికక్కడే నేర్చుకోవడం దీనిలో ఉన్నాయి. ఓడినా నేర్చుకుని తిరిగొచ్చే పోటీ కావాలంటే దీన్ని చూడండి.

బల్గేరియాలోని వార్నా (1964), మాస్కో (1969), అమెరికాలో మిసిసిపీలోని జాక్సన్ (1979) పోటీలు వేరే స్థాయివి. వార్నాలో ఆరుబయట వేదికమీద 1966లో యువ నర్తకుడు బరిష్నికోవ్ స్వర్ణం గెలిచాడు. ఇవి దాదాపు వృత్తికి చేరుకున్నవాళ్ల కోసం. మాస్కో, జాక్సన్ నాలుగేళ్లకోసారే వస్తాయి. పద్నాలుగేళ్ల పిల్ల తల్లిదండ్రులు వీటి గురించి ఇప్పుడే తలపట్టుకోనక్కర్లేదు.

పేరు తెలియని పోటీలు ఎన్నో ఉంటాయి. వచ్చినవాళ్లందరికీ ఏదో ఒక పతకం, ఎంట్రీ ఫీజు మీద ఫీజు, జడ్జీలు ఎవరో చివరి దాకా చెప్పరు, క్లాసులు ఉండవు, రాతపూర్వకంగా ఒక్క దిద్దుబాటూ ఇవ్వరు. అలాంటివాటికి పెట్టే డబ్బుతో మంచి గురువు దగ్గర విడిగా కొన్ని క్లాసులు చెప్పించుకోవచ్చు.

వసతి బడికి ఎప్పుడు, అసలు వెళ్లాలా

లండన్ రాయల్ బ్యాలే స్కూల్ చిన్నపిల్లల విభాగం వైట్ లాడ్జ్‌లో 11 నుంచి 16 ఏళ్ల వరకు నడుస్తుంది. పారిస్ ఒపేరా బడి 1987 నుంచి నాంతేర్‌లో ఉంది. ఇలాంటిచోట చదువు, నాట్యం, వసతి ఒకేచోట. రోజూ శిక్షణ, పెద్ద కంపెనీ పక్కనే ఉండటం, తోటి పిల్లల స్థాయి, వీటికి సాటి లేదు. కానీ ఏటా మదింపు ఉంటుంది. పెరిగే ఒంటిని బట్టి, ప్రగతిని బట్టి కొందరిని కొనసాగించరు. పదమూడేళ్లకు ఆ మాట వినాల్సి వస్తే ఇంటికి దూరంగా ఒక్కతే ఉన్న పిల్ల దాన్ని ఎలా తట్టుకుంటుందో ముందే ఆలోచించాలి. బడిని అడగాల్సింది "ఎంతమంది కంపెనీల్లో చేరారు" ఒక్కటే కాదు. "మధ్యలో ఎంతమంది వెళ్లిపోయారు, వాళ్లకు తర్వాతి దారి మీరు చూపించారా, ఫిజియోథెరపిస్టు, పోషకాహార నిపుణులు ఉన్నారా" అని కూడా.

చాలామందికి మధ్యేమార్గం మేలు: పదిహేను పదహారు వరకు ఇంటి దగ్గర మంచి ప్రీ-ప్రొఫెషనల్ స్టూడియో, వేసవిలో మూడు నాలుగు వారాల ఇంటెన్సివ్ శిబిరం, ఆ తర్వాత పెద్ద బడి. వేసవి శిబిరం రెండు పనులు చేస్తుంది. పిల్లకు తన వయసు వాళ్లలో తానెక్కడుందో తెలుస్తుంది. ఆ బడికి మీ పిల్ల తెలుస్తుంది. పూర్తికాలం ఆడిషన్ ఇచ్చేముందు అదే బడి వేసవి శిబిరానికి ఒకసారి వెళ్లి రావడం చాలా ఉపయోగం.

ఆడపిల్లల విషయంలో ఒక సంగతి ఏ బడిలోనైనా వర్తిస్తుంది. శిక్షణ గంటలు పెరిగిన కొద్దీ తిండి పెరగాలి. వరసగా మూడు నెలలు నెలసరి ఆగిపోతే "డాన్సర్లకు మామూలే" అనే మాట వినొద్దు. తిన్నదానికీ ఖర్చయ్యేదానికీ పొంతన లేకపోతే ఎముకలు పలచబడతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ సమస్యను రెడ్-ఎస్ పేరుతో గుర్తించింది. డాక్టరును కలిసేదాకా గంటలు తగ్గించండి. అందుకు అభ్యంతరం చెప్పే బడి మీ పిల్లకు తగదు.

మగపిల్లలకు ఎంపిక ఇంకోలా ఉంటుంది. పదేళ్ల వరకు అందరితో కలిసి నేర్చుకుంటే చాలు. ఆ తర్వాత పెద్ద దూకుళ్లు, గాల్లో రెండు చుట్లు తిరిగే తూర్లు, పైభాగం బలం, జతనృత్యంలో భాగస్వామిని ఎత్తడం విడిగా నేర్పాలి. బడిలో అబ్బాయి ఒక్కడే ఉంటే, మగవాళ్ల క్లాసు చెప్పగలిగే గురువు వారానికి ఒక్కసారైనా వచ్చే చోటు వెతకండి. అబ్బాయిలు తక్కువ కాబట్టి చాలాచోట్ల వాళ్లకు ఫీజు రాయితీలు, స్కాలర్‌షిప్‌లు ఇస్తారు, మొహమాటపడకుండా అడగండి. అయితే రాయితీ బాగా ఇస్తూ మగవాళ్ల క్లాసు లేని బడికీ, ఫీజు పూర్తిగా తీసుకుని ఆ క్లాసు చెప్పే బడికీ మధ్య తేల్చుకోవాల్సి వస్తే, పన్నెండేళ్లు దాటిన అబ్బాయికి రెండోదే సరైనది.